ఛాయాచిత్రములు చెప్పు వేషచరిత్ర



రాజుల చరిత్రను మనకు శాసనములు చెప్పుచున్నవి. ఏ రాజు ఏ సంవత్సరమున ఎవరికి ఏ గ్రామమును దానమిచ్చెనో, ఆ గ్రామమునకు తూర్పున ఏ చెరువు, పడమట ఏ గట్టు ఎల్లలుగా నుండెనో రాతిమీద చెక్కి యున్నది. కాని ఆ దానము జరిగిన దినమున వచ్చి నిలిచిన సామాన్యులు నడుమున నేమి కట్టుకొనిరి, భుజముపై నేమి వేసికొనిరి, తలకేమి చుట్టుకొనిరి అని అడిగినచో శాసనము మాటాడదు. ఆలయస్తంభములపై శిల్పములు లేవా యని మీరందురేమో. కలవు. అందు దేవతలు, రాజులు, నర్తకులు మెండు. సంతకు పోవు మనుష్యుడు ఏ మూలనో గాని కానరాడు.

ఈ లోటు మన దేశమునకే కాదు, సర్వదేశములకును కలదు. దానిని కొంతవరకు తీర్చినది ఛాయాచిత్రకళ. మహానగరముల వీథులలో నడచు పురుషులను, వారు ధరించిన వేషముతో, ఉన్నవారి నున్నట్లుగా పట్టి చూపిన చిత్రములు చరిత్రకారునకు శాసనములవలె సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ చిత్రములెట్లు పుట్టినవి, అవి చెప్పు చరిత్ర యెట్టిది, వానిని తీయుటలో నున్న ధర్మాధర్మములెట్టివి అను మూడు విషయములను నేడు మనవి చేసెదను.

మహానగరమే యేల యందురా? పల్లెలో మనుష్యుని ముఖమును బట్టియు, ఇంటిపేరును బట్టియు గుర్తింతురు. ఫలానావారి మనుమడని తెలిసిన పిమ్మట వాడు చిరిగిన కండువా వేసికొన్నను వాని గౌరవమునకు లోపము రాదు. మహానగరమున నట్లు కాదు. లక్షలాది జనులు ఒకరినొకరెరుగక ఒకే వీథిలో నడతురు. అచ్చట వేషమే పరిచయపత్రము. తాను ఏ పని చేయువాడో, ఎంతటివాడో, తన్ను లోకమెట్లు చూడవలెనని కోరుచున్నాడో నోటితో చెప్పనక్కరలేకయే వాని కోటు, టోపీ, జోళ్లు చెప్పును. కనుక వీథిలోని వేషమును చదువుట యనగా, మనుష్యుడు తన్ను గూర్చి తాను లోకమునకు చెప్పుకొన్న మాటను చదువుటయే.

పురుషుల వేషమే యేల యందురా? ఐరోపాలో స్త్రీల యుడుపులను గూర్చి పత్రికలు చిరకాలమునుండి వెలువడుచుండెను. చిత్రకారులును వానిని విసుగులేక వ్రాయుచుండిరి. సామాన్య పురుషుని వేషము మాత్రము మారునది కాదనియు, మారినను చెప్పుకొనదగినది కాదనియు చాలమంది తలచిరి. అది పొరపాటని ఛాయాచిత్రములే నిరూపించినవి.

ఛాయాచిత్రమున మనకు తెలిసినంతలో మొట్టమొదట కానవచ్చిన మనుష్యుడెవడు? రాజు కాడు, సేనాని కాడు. పారిస్ నగరవీథిలో జోళ్లకు మెరుగు పెట్టించుకొనుచున్న, పేరు తెలియని యొక మనుష్యుడు. 1838వ సంవత్సరమున డాగేర్ అను ఫ్రెంచి దేశీయుడు తన మేడ కిటికీనుండి ఒక విశాలవీథిని, వెండిపూత గల రాగిరేకుమీద చిత్రించెను. ఆనాటి పద్ధతిలో బొమ్మ పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. అంతసేపును కదలక యున్నది మాత్రమే రేకుపై నిలుచును. వీథిలో బండ్లు, గుర్రములు, జనులు పోవుచునే యుండిరి. కదలుచుండుటచే వారెల్లరు మాయమైరి. ఒక కాలు ఎత్తిపెట్టి నిలిచిన యతడును, అతని జోళ్లు తుడుచుచున్నవాని ఛాయయు మాత్రమే మిగిలెను. అనగా పురుషుడొకడు తన వేషమును చక్కజేసికొనుటకై ఆగిన యా నిమిషముననే ఛాయాచిత్రచరిత్రలో మనుష్యుడు ప్రవేశించెను. ఈ విద్యను 1839లో ఫ్రాన్సు దేశము లోకమునకు వెల్లడించెను.

తరువాత పెక్కేండ్లు ఛాయాచిత్రము నాలుగు గోడల నడుమనే పెరిగెను. కదలక కూర్చుండుటకు కుర్చీ, వెనుక చిత్రించిన తెర, ప్రక్కన పూలకుండీ. వచ్చినవాడు తన పెట్టెలోని మేలిదుస్తులు తీసి తొడిగికొని కూర్చుండెడివాడు. మన యిండ్లలోని పాత చిత్రములును అట్టివే. సికింద్రాబాదులో 1880వ దశాబ్దమున చిత్రశాల స్థాపించిన లాలా దీనదయాళు ఆరవ నిజాము కొలువులో నుండి, ప్రభువుల తలపాగాలను, షేర్వాణీలను, పతకములను మహానైపుణ్యముతో నిలిపెను. ఆ చిత్రములు దర్బారు చరిత్రకు అమూల్యములు. కాని మనుష్యుడు చిత్రమునకై సిద్ధమై కూర్చుండుట వేరు, తన పనిమీద తాను పోవుచుండుట వేరు. మొదటిది పెండ్లివేషము, రెండవది నిత్యవేషము. చరిత్రకు రెండును కావలెను. రెండవది దొరకుట దుర్లభము.

ఆ దుర్లభమైన దానికై కెమేరాను వీథిలోనికి కొనిపోయిన వారిలో ముఖ్యుడు జాన్ థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు. ఇతడు చైనా, సయాము, కాంబోడియా దేశములలో ఏండ్లతరబడి సంచరించి చిత్రములు తీసి, స్వదేశమునకు మరలి, దూరదేశములను చూచిన కన్నుతోనే లండను నగరమును చూడ మొదలిడెను. అడోల్ఫ్ స్మిత్ అను పత్రికారచయిత తోడ్పాటుతో 1877 ఫిబ్రవరి మొదలు పండ్రెండు మాసములు, మాసమునకు మూడు చిత్రముల చొప్పున, లండను వీథిజీవితమును గూర్చి యొక గ్రంథమును భాగములుగా వెలువరించెను. మొత్తము 36 చిత్రములు. బండివాండ్రు, గోడలకు ప్రకటనలంటించువారు, వీథివైద్యులు, జోళ్లు తుడుచువారు అందు కలరు. ఆ కాలపు తడిపలకల పద్ధతిలో నడచువానిని నడచుచున్నట్లు తీయుట సాధ్యము కాదు. కావున థామ్సన్ వారిని నిలువబెట్టి తీసెను. స్మిత్ వారితో మాటాడి, వారి బ్రతుకుతెరువును, రాబడిని, కష్టసుఖములను వారు చెప్పినట్లు వ్రాసెను.

అందొక చిత్రము స్వతంత్రముగా జోళ్లు తుడుచువానిది. ఆనాడు లండనులో జోళ్లు తుడుచు బాలురకు సంఘములుండెడివి. సంఘమున చేరిన బాలునకు ఏకరీతి దుస్తులుండును. వానిని పోలీసులు ఏమియు ననరు. సంఘమున చేరక తన పెట్టె తాను పెట్టుకొని కూర్చున్నవానిని మాత్రము తరిమివేయుచుందురు. చేయుపని యొక్కటే, చేయు నేర్పు నొక్కటే. ఒంటిమీద ఆ యంగీ ఉన్నచో కూడు, లేనిచో తరిమివేత. వేషము తేలిక విషయమనువారు ఈ చిత్రమును చూడవలెను.

1880 తరువాత పొడిపలకలును, చేతబట్టుకొనదగిన చిన్న కెమేరాలును వచ్చెను. నిలువబెట్టి తీయు పని తప్పెను. దానితో నొక క్రొత్త చిక్కును వచ్చెను. నార్వే దేశపు రాజధానికి నేడు ఓస్లో యని పేరు. అప్పుడు క్రిస్టియానియా యనెడివారు. అచ్చట కార్ల్ స్టోర్మర్ అను విద్యార్థి 1893 మొదలు 1897 వరకు ఒక గుండ్రని కెమేరాను అంగీక్రింద దాచుకొని, దాని కన్నును బొత్తాము రంధ్రమునుండి వెలికి పెట్టి, జేబులో త్రాడు పట్టుకొని ప్రధానవీథిలో తిరుగుచుండెను. ఎదురుపడిన పెద్దమనుష్యునకు తాను నమస్కరించును. ఆ పెద్దమనుష్యుడు మర్యాదకు టోపీ యెత్తును. ఇతడు త్రాడు లాగును. ఇట్లు సుమారు 500 చిత్రములు తీసెను. నాటకకర్తయైన ఇబ్సెన్ మహాశయుడును ఈ బొత్తామునకు చిక్కినవారిలో నొకడు. ఈ విద్యార్థియే పిమ్మట ఉత్తరధ్రువప్రాంతపు ఆకాశమున కానవచ్చు వెలుగులను గణితముతో వివరించి శాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధుడయ్యెను.

ఆ చిత్రములను చూచినచో సంతోషము కలుగును. పొడుగుకోట్లు, ఎత్తైన నల్లటోపీలు, చేతికర్రలు, ఒకరినొకరు చూచి టోపీ యెత్తు మర్యాద అన్నియు సజీవములై యున్నవి. కూర్చున్న చిత్రములలో కానరాని చిరునవ్వు వారి ముఖములందున్నది. కాని ఆ నవ్వు మిత్రునకిచ్చినది, యంత్రమునకిచ్చినది కాదు. అడిగి తీసినచో మనుష్యుడు బిగుసుకొనును. అడుగక తీసినచో వాని సొత్తును వానికి తెలియకుండ తీసికొనినట్లగును. ఈ రెంటి నడుమ నలుగుచునే వీథిచిత్రకళ నేటివరకు వచ్చినది.

కెమేరా లేకయే ఈ పనిని చేసిన మహనీయు డొకడు జపానులో కలడు. 1923లో భూకంపముచేతను, అగ్నిచేతను టోకియో నగరము చాల భాగము నాశనమయ్యెను. నగరము మరల లేచుచుండగా 1925వ సంవత్సరమున కోన్ వాజిరో అను ఆచార్యుడు సహాయకులతో గింజా అను వ్యాపారవీథిలో నిలిచి, వచ్చుపోవువారి వేషములను లెక్కించి, బొమ్మలు గీసి వ్రాసికొనెను. పురుషులలో నూటికి 67 మంది పాశ్చాత్యవేషము ధరించియుండిరి. స్త్రీలలో నూటికి ఒక్కరు మాత్రమే. ఒకే వీథి, ఒకే దినము, ఒకే యిల్లు కూడ కావచ్చును. భర్త కోటుతోను, భార్య కిమోనోతోను నడచుచున్నారు. కచేరీ ఉద్యోగము పురుషుని వేషమును ముందుగా మార్చెనని ఈ లెక్క చెప్పక చెప్పుచున్నది. మన పట్టణములలోను ఒక తరమువారు పంచెకట్టుమీద కోటు తొడిగి కచేరికి పోవుట పెద్దలెల్లరు ఎరిగినదే. కాలు ఇంటిది, భుజము కచేరిదియై, ఒకే శరీరమున రెండు లోకములు కాపురము చేసినవి.

ఇట్టి మార్పును ఏ రాజును ఆజ్ఞాపింపలేదు. 1930 ప్రాంతమున న్యూయార్కు వీథులలో తీసిన గుంపుల చిత్రములను చూడుడు: పురుషులలో టోపీ లేని తల నరుదు. పనివాడు, వర్తకుడు, పని లేనివాడు కూడ టోపీ ధరించియే యున్నారు. 1970 ప్రాంతపు చిత్రములను చూడుడు: టోపీ ఉన్న తల యరుదు. నడుమ నలువది యేండ్లలో నొక దేశపు పురుషుల తలలు బోడివైనవి. చట్టము లేదు, శాసనము లేదు, యుద్ధము చేసి ఎవరును వానిని ఊడ్చివేయలేదు. మన తలపాగాయు నట్లే తొలగినది. బోడితలతో బయటికి పోవుట అమర్యాదగా తలచిన కాలము పోయి, తలపాగా చుట్టువానిని వింతగా చూచు కాలము వచ్చినది. ఏ యూర, ఏ యేట, ఎవ రది మొదట తీసి చిలుకకొయ్యకు తగిలించిరో చెప్పుటకు మనకు వీథిచిత్రములు చాలినన్ని లేవు. అమెరికావారికి కలవు. భేదమంతే.

వేషము ప్రాణముమీదికి తెచ్చిన సందర్భము నొకదానిని చెప్పెదను. 1930ల చివర న్యూయార్కులోని హార్లెము పేటలో నల్లజాతి యువకులు క్రొత్తవేష మొకదానిని ప్రచారమునకు తెచ్చిరి. మోకాళ్లదాక వ్రేలాడు కోటు, విశాలమైన భుజములు, మోకాళ్లకడ వదులై చీలమండకడ బిగిసిన షరాయి. దీనికి జూట్ సూటని పేరు. తమకు చోటీయని నగరములో తాము పట్టుచోటును గుడ్డతోనైన పెంచుకొన్న వేషమది. లాస్ ఏంజిలిస్ నగరమున మెక్సికో సంతతి యువకులును దీనిని ధరించిరి. 1942లో యుద్ధకారణమున ప్రభుత్వము ఉన్నిగుడ్డ వాడుకను తగ్గింపవలెనని కట్టడి చేసెను. ఇంతగుడ్డ తొడుగువాడు దేశద్రోహి యను మాట పుట్టెను. 1943 జూను మాసమున నావికులును, సైనికులును గుంపులై వీథులలోబడి, ఈ వేషముతో కనబడినవానిని కొట్టి, కోటును షరాయిని ఊడదీసిరి. బందీలైనవారిలో అధికులు దెబ్బలు తిన్నవారే. నగరపాలకసభ ఆ వేషమును నిషేధింపవలెనని తీర్మానించెను. అది చట్టము కాలేదు. రాష్ట్రాధిపతి నియమించిన విచారణసంఘము, జాతిద్వేషమే ఇందుకు ముఖ్యకారణములలో నొకటి యని తేల్చెను.

ఆ దినములలో పత్రికలవారు తీసిన ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి. ఒక చిత్రమున యువకులు గుడ్డలూడి వీథిలో నున్నారు. చుట్టును జనులు చూచుచున్నారు. ఆ వేషమునే హార్లెములో పండుగనాడు తీసినచో అందు గర్వము కనబడెడిది. ఇచ్చట అవమానము కనబడుచున్నది. యంత్రమొక్కటే. పట్టుకొన్నవాడు ఎవరి ప్రక్క నిలిచినాడన్నదే ప్రశ్న. కెమేరా అద్దమువంటిదని కొందరందురు. అద్దమునకు చేయి లేదు. కెమేరా వెనుక నెప్పుడును ఒక చేయి యున్నది.

ఆ చేయి శుచిగా నున్నచో ఎట్లుండునో చూపినవాడు న్యూయార్కు నగరమున బిల్ కన్నింగ్‌హామ్. ఆయన 1929లో బోస్టను నగరమున పుట్టెను. హార్వర్డు విశ్వవిద్యాలయమును మానివేసి 1948లో న్యూయార్కు చేరి, స్త్రీల టోపీలు కుట్టు అంగడి పెట్టెను. టోపీల వాడుక తగ్గుటతో ఆ వృత్తియు సన్నగిల్లెను. ఆయన పత్రికలకు వ్రాయసాగెను. 1967 ప్రాంతమున ఛాయాచిత్రకారుడైన మిత్రుడొకడు సుమారు 35 డాలర్ల వెల గల చిన్న కెమేరానిచ్చి, దీనిని వ్రాతపుస్తకమువలె వాడుకొనుమనెను. నాటినుండి సుమారు అర్ధశతాబ్దము ఆయన సైకిలెక్కి నగరవీథులలో తిరిగి, ముఖ్యముగా ఐదవ ఎవెన్యూ, 57వ వీథి కలియు మూలను నిలిచి, ఎండయనక మంచనక జనుల వేషములను చిత్రించెను. స్త్రీల చిత్రము లెక్కువ; కాని పురుషులను ఆయన ఎన్నడును విడువలేదు. ఐక్యరాజ్యసమితిలో నిరస్త్రీకరణ విషయమున పనిచేసిన నేపాళ దేశీయుడు శైల్ ఉపాధ్యాయ తానే రూపించుకొన్న రంగురంగుల కోట్లతో వీథిలో నడచుచుండగా ఆయన తీసిన చిత్రములు ప్రసిద్ధములు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి యని మనవారు నవ్వుదురు. కన్నింగ్‌హామ్ ఉలిపికట్టెను చూచి నవ్వలేదు, ఆగి చూచెను.

1978లో ఆయన వీథిలో నొక స్త్రీ ధరించిన కోటు భుజముల కుట్టుపనిని చూచి ముచ్చటపడి చిత్రము తీసెను. పిమ్మటగాని ఆమె గ్రేటా గార్బో యను సుప్రసిద్ధ నటియని ఆయనకు తెలియలేదు. ఆ చిత్రముతోడి పుట న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన వెలువడెను. తరువాత ఆయన వీథిచిత్రములు ఆ పత్రికలో నిత్యవిషయమయ్యెను. ఈ కథలో సారమేమనగా, ఆయన చూచినది ముఖప్రసిద్ధిని కాదు, గుడ్డ కత్తిరింపును. ఉచితముగా వచ్చిన దుస్తులు తొడిగికొన్న నటులకంటె, తన సొమ్ముతో కొని తన బుద్ధితో కూర్చుకొన్న పాదచారియే ఆయనకు ముఖ్యుడు.

ఆయన నియమములు మన పూర్వపండితుల నియమములను తలపించును. విందులకు చిత్రములు తీయ పోయినను అచ్చట మంచినీరు కూడ పుచ్చుకొనడు. ఒక పత్రిక యిచ్చిన చెక్కులను చింపివేసెను. సొమ్ము పుచ్చుకొనినచో మాట వినవలసి వచ్చునని ఆయన మతము. అందరి వేషమును పరీక్షించు ఆయన వేషమేమి? పారిస్ నగరపు వీథులూడ్చువారు తొడుగు నీలిరంగు కోటు; వానకు అతుకులంటించిన పాత తొడుగు. లారీ తగిలి గాయపడి, వైద్యపు ఖర్చులకు దిక్కు కావలసి, 1994లో మాత్రమే పత్రికలో ఉద్యోగిగా చేరెను. 2008లో ఫ్రాన్సు ప్రభుత్వము పారిస్‌లో ఆయనకు గౌరవపదవి నొసగినపుడు, తన సన్మానసభకు వచ్చిన యతిథుల చిత్రములను తానే తీసికొనుచుండెను. 2016 జూను 25న, 87వ యేట మరణించెను. ఆయన నిలిచిన మూలకు నగరమువారు కొంతకాలము ఆయన పేరు పెట్టిరి.

ఆయన జీవితములో నొక ఘట్టము నేటి విషయమునకు ప్రాణము. వస్త్రవ్యాపారమునకు సంబంధించిన యొక పత్రికకు ఆయన పూర్వమొకసారి, ప్రదర్శకులు ధరించిన దుస్తులనే వీథిలో సామాన్యస్త్రీలు ఎట్లు ధరించిరో చూపు చిత్రములిచ్చెను. సామాన్యులు దానిని తమ బ్రతుకునకు తగినట్లు మలచుకొన్నారని ఆయన మెచ్చి వ్రాయగా, పత్రికవారు ఆ మాటలు మార్చి, ఆ స్త్రీలను వెక్కిరించునట్లు ప్రకటించిరి. ఆయన కుమిలిపోయి ఆ పత్రికను విడిచెను. చిత్రము మారలేదు, క్రింది మాట మారినది. పూర్వము పనిమీద పోవుచు తన్ను నమ్మి వీథిలో నడచిన మనుష్యురాలు, మరునాడు ఊరికి నవ్వులపాలైనది. ఇందువలన తెలియునది: చిత్రము తీయుటతో ఛాయాచిత్రకారుని బాధ్యత తీరదు. దానిని చూపుటలోను, దానికి మాట జతచేయుటలోను ధర్మమున్నది.

కన్నింగ్‌హామ్ పిమ్మట న్యూయార్కు వీథులలోనే స్కాట్ షూమన్ అనునతడు 2005నుండి పురుషుల వేషములపై ప్రత్యేకశ్రద్ధ వహించి చిత్రములు తీసెను. ఇతని పద్ధతి వేరు. ఎదుటికి పోయి, అడిగి, ఒప్పుకొనినచో నిలువబెట్టి తీయును. 2019లో మన భారతదేశపు వీథులలో తీసిన చిత్రములతో నొక గ్రంథమును వెలువరించెను. పంచె, లుంగీ, తలగుడ్డ ధరించిన మనవారు అట్లు లోకమునకు కనబడిరి. థామ్సన్ తడిపలకలతో చేసిన పనికే అతడు మరలి వచ్చెననవచ్చును.

అడుగవలెనా, అక్కరలేదా యను ప్రశ్న న్యాయస్థానమునకును ఎక్కినది. అమెరికాలో నొక యువతి చిత్రమును ఆమెకు తెలియకుండ పిండి ప్రకటనలపై అచ్చువేయగా, 1902లో న్యాయస్థానము ఆమెకు రక్షణ లేదనెను. జనులు రోషింపగా 1903లో న్యూయార్కు శాసనసభ, అనుమతి లేనిదే ఒకరి చిత్రమును ప్రకటనలకు, వ్యాపారమునకు వాడరాదని చట్టము చేసెను. జర్మనీలో 1907నాటి చట్టము ఇంకను ముందునకు పోయి, కొన్ని మినహాయింపులు తప్ప, చిత్రితుని సమ్మతి లేనిదే చిత్రమును ప్రచారము చేయరాదనెను.

తరువాత నూరేండ్లకు న్యూయార్కు చట్టమునకు పరీక్ష వచ్చెను. ఫిలిప్ లోర్కా డికోర్సియా అను చిత్రకారుడు 1999 మొదలు 2001 వరకు టైమ్స్ స్క్వేర్ అను కూడలిలో దీపములు మరుగున అమర్చి, దూరమునుండి పాదచారుల ముఖములను వారికి తెలియకుండ తీసెను. అందొకడు సంప్రదాయనిష్ఠ గల వృద్ధ యూదుడు. గడ్డము, నల్లటోపీ, నల్లకోటు ధరించినవాడు. ఆ చిత్రపు ప్రతులు వేల డాలర్లకు అమ్ముడుపోయెను. తన రూపమును ప్రతిమగా చేయుట తన మతమునకు విరుద్ధమని ఆ వృద్ధుడు దావా వేసెను. 2006లో న్యాయస్థానము, ఆ చిత్రము కళయే గాని వ్యాపారప్రకటన కాదని చెప్పి దావాను కొట్టివేసెను. పై న్యాయస్థానములును చిత్రకారుని పక్షముననే నిలిచెను. చట్టము ప్రకారము తీర్పు సరియైనదే కావచ్చును. వీథిలో నెవరిని తీసినను శిక్షయన్నచో నేను చెప్పిన చరిత్రలో సగము లేకయే పోయెడిది. అయినను ఆ వృద్ధుని వేషమే ఆయన వ్రతము. చూడదలచిన కన్నునకు ఆ నల్లకోటులోనే ఆయన సమాధానము వ్రాసియున్నది. వేషమును చదువవచ్చిన వాడు దానిని చదివి యుండవలసినది.

చట్టము హద్దు చెప్పును; మర్యాద దారి చెప్పును. నేను గ్రహించినంతలో ఆ మర్యాద మూడు మాటలలో నున్నది. నవ్వులపాలు చేయుటకు తీయరాదు. వద్దన్నవానిని తీయరాదు. తీసినదానిపై, ఉన్న నిజమే వ్రాయవలెను.

ఈ మాటలు న్యూయార్కునకును లండనునకును మాత్రమే యనుకొనవద్దు. నేడు చేతిలోని ఫోనులన్నియు కెమేరాలే. మీ మనుమలు పట్టణములలో చదువుచు, సెలవులకు వచ్చి, రచ్చబండమీద కూర్చున్న పెద్దలను, సంతలోని బండివానిని వింతగా చిత్రములు తీసికొని పోవుచున్నారు. వారిని వారింపకుడు, ఆ చిత్రములే రేపటి శాసనములు. కాని వారికి రెండు పనులు నేర్పుడు. మొదటిది, తీయుటకు ముందో, తీసిన వెంటనేయో పలుకరింపుమనుడు. రెండవది, పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి పెట్టుమనుడు. మీ యింటి గోడనున్న పాత చిత్రమును కూడ క్రిందికి దింపి, అందున్న తలపాగా ఎవరిదో, ఆ కోటును ఏ యూరి దర్జీ కుట్టెనో, జ్ఞాపకమున్నవారు ఉన్నప్పుడే వెనుక వ్రాయుడు. పారిస్ వీథిలో జోళ్లు తుడిపించుకొన్న యతని పేరును ఎవరును అడుగలేదు. అతని జోళ్లు తుడిచినవాని పేరును అడుగలేదు. వారిరువురును లోకమున్నంతవరకు అచ్చటనే నిలిచియుందురు. మనము వారిని పిలువలేము.